గోధుమలో అగ్గి తెగులు: వేడెక్కుతున్న వాతావరణంలో పెరుగుతున్న ముప్పు

వరిలో అగ్గి తెగులు తెలుగు రైతుకు చిరపరిచితం. ఆకులపై నూలుకండె ఆకారపు మచ్చలు, మెడ విరుపు దీని ప్రధాన లక్షణాలు. దీనికి కారణమైన మాగ్నపోర్తే ఒరైజే శిలీంధ్రంలోనే ట్రిటికం అనే మరో తెగ గోధుమను ఆశిస్తుంది. వరిని ఆశించే తెగ సాధారణంగా గోధుమకు సోకదు. కావున ఈ రెండింటినీ వేర్వేరుగానే పరిగణించాలి.

వ్యాప్తి

1985లో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో ఈ తెగులును తొలిసారిగా గుర్తించారు. అనంతరం ఇది బొలీవియా, పరాగ్వే, అర్జెంటీనా దేశాలకు వ్యాపించింది. మూడు దశాబ్దాల పాటు దక్షిణ అమెరికాకే పరిమితమైన ఈ తెగులు 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్‌లో బయటపడి, సుమారు 15 వేల హెక్టార్లలో పైరును దెబ్బతీసింది. వ్యాప్తిని అరికట్టడానికి కొన్ని విత్తనోత్పత్తి క్షేత్రాలలో పైరును తగులబెట్టవలసి వచ్చింది. జన్యుక్రమ విశ్లేషణలో అక్కడి శిలీంధ్రం దక్షిణ అమెరికా తెగకు అతి సన్నిహితమైనదని తేలింది. 2018లో ఆఫ్రికాలోని జాంబియాలోనూ ఇది కనిపించింది. సముద్రాలు దాటి తెగులు చేరడానికి సోకిన విత్తనమే ముఖ్య మార్గమని భావిస్తున్నారు.

నష్టపరిచే విధానం

శిలీంధ్రం కంకి కాడను ఆశించినప్పుడు, సోకిన చోటు నుండి పైభాగమంతా పోషకాలు అందక తెల్లబారిపోతుంది. పూత దశలో సోకితే గింజ కట్టదు. ఆలస్యంగా సోకితే గింజలు ముడుచుకొని తేలికవుతాయి. లక్షణాలు కంటపడిన కొద్ది రోజులకే కంకులు తెల్లబారడం వలన, ఆ తరువాత మందు పిచికారీ చేసినా ప్రయోజనం స్వల్పం. పైగా బ్రెజిల్‌లో స్ట్రాబిల్యురిన్ వర్గపు శిలీంధ్రనాశినులను తట్టుకునే శక్తిని ఈ శిలీంధ్రం సంతరించుకుంది.

వాతావరణ ప్రభావం

కంకి వెలువడే సమయంలో 25 నుండి 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, ఎడతెగని తడి ఈ తెగులుకు అత్యంత అనుకూలం. గోధుమకు ఆ దశలో చల్లని, పొడి వాతావరణమే రక్షణ. శీతాకాలం వేడెక్కి, అకాల వర్షాలు తోడైతే ఆ రక్షణ తొలగిపోతుంది. ఈ శతాబ్దపు మధ్యకాలం నాటికి ప్రపంచ గోధుమ ఉత్పత్తి ఈ తెగులు వలన 13 శాతం వరకు తగ్గవచ్చని 2024లో వెలువడిన ఒక నమూనా అధ్యయనం అంచనా వేసింది.

నివారణ మార్గాలు

బంగ్లాదేశ్‌తో సరిహద్దు గల పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్, నదియా జిల్లాల్లో రెండేళ్లు గోధుమ సాగును నిలిపివేశారు. ఇటువంటి చర్య తక్షణ రక్షణ మాత్రమే. దీర్ఘకాలిక పరిష్కారం తట్టుకునే రకాలే. ఏజిలాప్స్ వెంట్రికోసా అనే అడవి గడ్డి జాతి నుండి గోధుమకు వచ్చిన 2ఎన్ఎస్ క్రోమోజోమ్ భాగం నేడు ప్రధాన ఆధారం. బంగ్లాదేశ్ 2017లో విడుదల చేసిన బారి గోమ్ 33 రకంలో ఇదే ఉంది. అయితే దక్షిణ అమెరికాలో కొన్ని శిలీంధ్ర రకాలు దీనిని ఇప్పటికే అధిగమిస్తున్నాయి. కనుక ఒకే ఆధారంపై నిలవక, కొత్త నిరోధక జన్యువులను జోడించడం ప్రజననకారుల తక్షణ కర్తవ్యం.

విస్తరణ శాస్త్రవేత్తలు ఆరోగ్యవంతమైన, శుద్ధి చేసిన విత్తనాన్నే వాడేలా రైతులను ప్రోత్సహించాలి. కంకి దశలో వాతావరణ సూచనలను అనుసరించి, తెగులు కనిపించకముందే మందు వాడకంపై నిర్ణయం తీసుకోవడానికి తోడ్పడాలి. తెల్లబారిన కంకులు కనిపించే వరకు వేచి ఉంటే ఆ పంటను కాపాడే అవకాశం చేజారిపోతుంది.