పెరటి టమాటకు పట్టే పురుగులు



కీసరగుట్ట చుట్టూ ఉన్న ఎర్రచెల్కల్లో కార్తీకం నాటికి నాటిన టమాట, సంక్రాంతి దాటేసరికి కాపుకు వస్తుంది. పెరట్లో పది మొక్కలున్న ఇల్లాలు, రేపు కోసి పచ్చడి నూరుదామని కాయను మొక్కమీదనే ఉంచుతుంది. తెల్లవారి చూస్తే కాయకు బెజ్జం! వెంటనే, పత్తికి తెచ్చిన మందు మిగిలింది గదా అని నాలుగు చుక్కలు నీళ్లలో కలిపి చల్లుతారు. ఈ పని ఎన్నడూ చెయ్యకండి. పత్తిని మనం తినం. టమాటను పిల్లలు మొక్కమీదనే తుంచి తింటారు. మోనోక్రోటోఫాస్ వంటి మందును కూరగాయలపై వాడరాదని 2005లోనే కేంద్ర ప్రభుత్వం నిషేధించింది.

దొంగ ఎవరో తెలియక కర్ర ఎత్తరాదు. కనుక ముందు గాయాన్ని పరీక్షించండి.

కాయకు గుండ్రని పెద్ద రంధ్రం ఉండి, పురుగు తల లోపల, తోక బయట పెట్టుకొని కనిపిస్తే అది శనగపచ్చ పురుగు. దీని తల్లి రెక్కల పురుగు లేత ఆకులమీద, పూలదగ్గర గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది. పిల్లపురుగు మొదట ఆకు గీకి, పెరిగిన కొద్దీ కాయల్లోకి దిగుతుంది. ఒక్క కాయతో ఊరుకోదు, పక్క కాయకూ పోతుంది.

తొడిమ దగ్గర సూదితో గుచ్చినట్లు చిన్న రంధ్రాలుండి, ఆకుమీద బొబ్బల వంటి ఎండు మచ్చలు, వాటిలో నల్లని రెట్ట కనబడితే అది టూటా పురుగు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ పురుగును మన దేశంలో 2014లో మహారాష్ట్రలో మొదట గుర్తించారు. ఆకుమీద తెల్లని వంకర గీతలు మాత్రమే ఉంటే, అది వేరే పాము పొడ పురుగు. దానికి అంత భయం లేదు.

ఆకులు ముడుచుకొని మొక్క గిడసబారితే, తెల్లదోమ తెచ్చిన వైరస్ తెగులు. దానికి మందు లేదు. ఆ మొక్కను పీకి దూరంగా పూడ్చవలెను.

ఇక కాయ అడుగున నల్లని మచ్చ పడితే అది పురుగు పని కానేకాదు. ఒకసారి ఎండగట్టి, ఒకసారి ముంచెత్తడంవల్ల కాయకు కాల్షియం అందక వచ్చేది. మందు దండగ, నీరు క్రమంగా పెడితే చాలు.

మరి నివారణ ఏమిటి? నారును సన్నని వలకింద పెంచండి, దోమ రాదు. 25 రోజుల టమాట నారుతోబాటు 45 రోజుల బంతి నారు నాటితే రెండూ ఒకేసారి పూస్తాయి. తల్లిపురుగు బంతిమీదనే ఎక్కువ గుడ్లు పెడుతుంది. తోటలో 16 సాళ్లకు ఒక బంతి సాలు, పెరట్లో మడిచుట్టూ బంతి వేస్తే సరి. అయితే బంతిపూలలోని పురుగులను ఏరి చంపాలి సుమా, లేకుంటే మనమే వాటిని పెంచినట్లవుతుంది. తోటగా వేసినవారు ఎకరానికి 5 లింగాకర్షక బుట్టలు పెట్టి, పురుగు ఉనికిని కనిపెట్టవచ్చు.

ఎండాకాలం చివర రాలిన వేపపండ్లు ఏరి దాచుకోండి. గింజల పప్పు పొడి 50 గ్రాములు లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బు కలిపి సాయంకాలం చల్లండి. ఇది గుడ్లు పెట్టనియ్యదు, చిన్న పురుగును అణచుతుంది. కాయలోకి దిగిన పురుగును మాత్రం ఏమీ చెయ్యలేదు; దాన్ని చేత్తో ఏరవలసిందే. పుచ్చు కాయలను పెంటకుప్పలో వేయక లోతుగా పూడ్చండి. టమాట తీసిన మడిలో మళ్లీ వంకాయ, ఆలుగడ్డ వేయక మక్కజొన్న వేయండి.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. మందు పేరు చెప్పే ముందు, పుచ్చు కాయ ఒకటి కోసి రైతుకు చూపండి. కంటితో చూసిన పురుగును రైతు మరువడు.

రేపు పొద్దున్నే చెంబుతో నీళ్లు పోస్తూ, ఆకు తిప్పి చూడండి. పెరటి టమాటకు అంతకు మించిన కాపలా లేదు. సెలవు.