‘స్పీచ్ థెరపిస్ట్’ అని బోర్డు ఉంటే సరిపోతుందా? లైసెన్స్ ఎవరిస్తారు, సంఘం ఏం చేస్తుంది?

మీ బాబుకు రెండేళ్లు నిండాయి. పక్క ఫ్లాట్‌లో అదే వయసు పాప ‘అమ్మా రా’, ‘పాలు కావాలి’ అంటోంది. మీవాడు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపిస్తాడే తప్ప మాట లేదు. అమ్మమ్మ నాలుకకు వస రాసింది. ‘మేనమామ పోలిక, వాడికీ మూడేళ్లకే మాటలొచ్చాయి’ అని ధైర్యం కూడా చెప్పింది. మీకు మాత్రం నిద్ర పట్టక ఫోన్‌లో ‘స్పీచ్ థెరపీ నియర్ మి’ అని కొట్టారు. అరడజను సెంటర్లు కనిపించాయి. అన్నింటికీ స్టార్లు బాగానే ఉన్నాయి. మరి ఎక్కడికి వెళ్లాలి?

పక్షవాతం వచ్చి మాట పడిపోయిన నాన్నగారిని తీసుకెళ్లేటప్పుడూ ఇదే సమస్య. రేటింగ్ చూస్తే ఆ సెంటర్‌లో ఏసీ ఎలా ఉందో, రిసెప్షన్‌లో ఎలా మాట్లాడారో తెలుస్తుంది. లోపల కూర్చున్న మనిషి ఏం చదివారో తెలియదు. అది తెలుసుకోవాలంటే ముందు రెండు సంస్థల మధ్య తేడా తెలియాలి.

సంఘం వేరు, కౌన్సిల్ వేరు

డాక్టర్ల విషయంలో ఈ తేడా మనకు అలవాటే. లైసెన్స్ ఇచ్చేది మెడికల్ కౌన్సిల్. వృత్తి తరఫున మాట్లాడేది ఐఎంఏ. స్పీచ్ థెరపీలోనూ అంతే. లైసెన్స్ ఇచ్చేది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ. ఇది 1992 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ. వృత్తి సంఘం పేరు ఇండియన్ స్పీచ్ లాంగ్వేజ్ అండ్ హియరింగ్ అసోసియేషన్. పొడి అక్షరాల్లో ‘ఇషా’ అంటారు. (కోయంబత్తూరు యోగా ఫౌండేషన్‌కూ దీనికీ సంబంధం లేదు. గూగుల్‌లో వెతికితే ముందు అదే వస్తుంది, కాబట్టి పూర్తి పేరు టైప్ చేయండి.)

మన దేశంలో ఈ చదువు మొదలైందే 1960ల్లో. కేంద్ర ఆరోగ్య శాఖ కింద మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో ఏర్పడింది. సంఘం కూడా ఆ దశాబ్దంలోనే, ఆ తొలి తరం నిపుణులతోనే పుట్టింది. ఏటా ‘ఇషాకాన్’ పేరుతో జాతీయ సదస్సు పెడుతుంది, పరిశోధన పత్రిక నడుపుతుంది, సభ్యులకు నైతిక నియమావళి నిర్దేశిస్తుంది. అర్హత లేనివాళ్లు ప్రాక్టీస్ చేయడంపై ప్రభుత్వం దగ్గర గట్టిగా మాట్లాడేదీ ఈ సంఘమే. కోవిడ్ సమయంలో వీడియో కాల్ థెరపీ ఎలా చేయాలన్నదానిపై మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

అయితే ఇందులో చేరడం స్వచ్ఛందం. సభ్యత్వం ఉన్నంత మాత్రాన అది లైసెన్స్ కాదు. తప్పు చేసిన సభ్యుడి మీద సంఘం తన నియమాల ప్రకారం చర్య తీసుకోగలదు కానీ సెంటర్ మూయించలేదు, రిజిస్ట్రేషన్ రద్దు చేయలేదు. గోడ మీద సంఘం సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టి ఉంటే మంచిదే. దాని పక్కన ఆర్‌సీఐ నంబర్ ఉందా అన్నది ముందు చూడండి.

నంబర్ ఎలా చూడాలి?

ఆర్‌సీఐ దగ్గర సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్ ఉంటుంది. వాడుకలో సీఆర్ఆర్ అంటారు. థెరపిస్ట్‌ను సీఆర్ఆర్ నంబర్ అడగండి. అడగడానికి మొహమాటపడక్కర్లేదు, అసలు అర్హత ఉన్నవాళ్లు అడిగితే నొచ్చుకోరు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొట్టి పేరు, చదువు, రిజిస్ట్రేషన్ గడువు చూడండి. రిజిస్ట్రేషన్ జీవితాంతం చెల్లేది కాదు, ఎప్పటికప్పుడు రెన్యువల్ చేసుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. రిజిస్టర్‌లో ఉన్నవాళ్లంతా ఒకే స్థాయి కాదు. బీఏఎస్ఎల్‌పీ అనేది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ల డిగ్రీ. వినికిడి, మాట రెండూ అందులోనే నేర్పుతారు. దాని పైన ఎమ్మెస్సీ ఉంటుంది. ఇంటర్ తర్వాత ఏడాదిలో అయ్యే డిప్లొమా కూడా ఉంది. డిప్లొమా చేసినవాళ్లు సహాయకులుగా బాగా పనికొస్తారు. మీ పిల్లవాడికి ఉన్నది ఏ సమస్యో తేల్చాల్సింది మాత్రం డిగ్రీ ఉన్నవారే. ‘మా సెంటర్‌లో రిజిస్టర్డ్ థెరపిస్ట్ ఉన్నారు’ అని చెప్తే, మీ బాబుతో రోజూ కూర్చునేది ఆయనేనా అని కూడా అడగండి. నెలకోసారి వచ్చి సంతకం పెట్టి వెళ్లే పేరు అయితే ఉపయోగం లేదు.

ఇంకో గుర్తు: మాట రాని పిల్లలకు మొదట వినికిడి పరీక్ష జరగాలి. వినపడకపోతే మాట రాదు కదా. ఆ రిపోర్టు అడగకుండా మొదటి రోజే ‘మూడు నెలల ప్యాకేజీ, గ్యారంటీ’ అన్నారంటే లేచి వచ్చేయండి.

నకిలీ అని తేలితే?

రిజిస్టర్‌లో పేరు లేకుండా ప్రాక్టీస్ చేయడం నేరం. చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అవును, వెయ్యే. 1992లో రాసిన అంకె అది. నగరంలో ఒకటి రెండు సెషన్ల ఫీజుకు సమానం. ఎవరికి భయం?

పైగా ఈ చట్టం కింద మీరు నేరుగా కోర్టుకు వెళ్లలేరు. కౌన్సిల్ అధికారం ఇచ్చిన వ్యక్తి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు తీసుకుంటుంది. అందుకే ముందు ఢిల్లీలోని ఆర్‌సీఐకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాలి. రసీదులు, బోర్డు ఫొటో, వాట్సాప్ సందేశాలు జత చేయండి. ఒక కాపీ సంఘానికీ పంపండి. శిక్షించే అధికారం లేకపోయినా, ఒక తల్లి రాసిన ఉత్తరం కన్నా సంఘం వెంటపడితే ఫైలు కదిలే అవకాశం ఎక్కువ. కట్టిన డబ్బు వెనక్కి కావాలంటే వినియోగదారుల కమిషన్ దారి వేరుగా ఉంది.

తక్కువ ఖర్చులో ఎక్కడ?

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ కోర్సు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి అక్కడ పరీక్షలు, థెరపీ రెండూ దొరుకుతాయి. జిల్లాల్లో అయితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే ‘డైక్’, అంటే జిల్లా ముందస్తు చికిత్సా కేంద్రం ఎక్కడుందో ఆశా కార్యకర్తను గానీ, అంగన్‌వాడీలో గానీ అడగండి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు ఈ పథకం వర్తిస్తుంది. అక్కడ స్పీచ్ థెరపిస్ట్ పోస్టు ఉండాలన్నది నిబంధన. పోస్టు ఉండటం, మనిషి ఉండటం ఒకటి కాదు. బస్సెక్కే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

ప్రభుత్వ పథకంలో పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేయించిన వాళ్లకు ఒక మాట. మిషన్ పెట్టించగానే మాటలు రావు. ఆ తర్వాత నెలల తరబడి థెరపీ ఉంటుంది, లక్షల విలువైన పరికరం పనికొచ్చేదీ లేనిదీ అక్కడే తేలుతుంది. ఊరు దూరమైతే వారానికి కొన్ని సెషన్లు వీడియో కాల్‌లో కుదురుతాయేమో మీ థెరపిస్ట్‌ను అడగండి. ఆ కాల్‌లో బాబు పక్కన మీరూ కూర్చోవాలి.