ఎద్దు నడక – బాటసారి మజిలీ

ఖమ్మంలో బస్సెక్కితే మూడు, మూడున్నర గంటల్లో భద్రాచలంలో దిగుతాము. దారిలో రాత్రి ఎక్కడ తలదాచుకోవాలన్న చింత మనకు లేదు. రైళ్లు, లారీలు రాకముందు వర్తకునికి అదే మొదటి చింత. సరుకు పోయేది ఎద్దు వీపు మీద. ఎద్దు మేయాలి, నీళ్లు తాగాలి, నెమరు వేయాలి. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఉత్తరదేశంలో 14,000 ఎద్దుల బిడారును చూసి, అది రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవదని రాసుకున్నాడు. కనుక మజిలీల దూరం కొలిచింది రాజు కాదు, ఎద్దు!

పెద్ద బాటల మీద పాలకులు సరాయిలు కట్టించారు. గోలకొండ నుంచి మచిలీపట్నం పోయే బాటలో, హయత్‌నగర్‌లో, 17వ శతాబ్దంలో హయాత్ బక్షీ బేగం కట్టించిన మసీదు, దాని చుట్టూ సరాయి గదులు నేటికీ చూడవచ్చును. సరాయి కట్టుబడి తేలికైనదే. నాలుగువైపులా గోడ, లోపల వరుసగా గదులు, నడుమ పశువులకు చోటు, నీళ్లకు బావి, ఒక్కటే పెద్ద దర్వాజా. పొద్దుగూకగానే అది మూస్తే దొంగ భయం తీరినట్లే. యాత్రికులకు సత్రాలుండేవి. 1830–31లో మద్రాసు నుంచి కాశీకి పోయివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య గారి "కాశీయాత్ర చరిత్ర"లో అటువంటి మజిలీల వివరాలెన్నో వున్నవి.

మరి మన అడవి అంచున? ఇక్కడ సరాయి కూడా బిడారుతోనే నడిచింది. కోస్తా ఉప్పును బస్తరు వైపు చేరవేసిన లంబాడీలు ఎద్దు వీపున రెండు ప్రక్కలా పెరికెలు వేసేవారు. రాత్రి మజిలీలో వాటిని దించి గోడలాగా పేర్చితే అదే ఇల్లు, అదే కోట. తండా అన్నది ఆనాడు నడిచే బిడారు పేరు. ఈనాడది కదలని ఊరి పేరయింది. 1889 నాటికి సికింద్రాబాదు నుంచి బెజవాడ దాకా రైలు పడింది. ఉప్పు రైలెక్కింది. ఎద్దుల వర్తకం క్రమంగా పోయి, తండాల వారు నాగలి పట్టారు.

ఎద్దు పోయింది సరే, దానితో మజిలీ అవసరం కూడా పోయిందా? మా రైతులు మిర్చి బస్తాలతో పట్నం పోతే, కాంటా అయ్యేదాకా ఒక్కోసారి రెండు రాత్రులు ఆ బస్తాల మీదనే పడక. తాగే నీళ్లకు వెతుకులాట. లంబాడీ పెరికెల గోడకూ, మా బస్తాల పడకకూ తేడా ఎంత? పాత సరాయిలను చూసి ముచ్చటపడటమే కాదు, సరుకు తెచ్చిన మనిషికి నీడ, నీరు, భద్రత ఇవ్వాలన్న వాటి నీతిని కూడా మనం అందుకోవాలి.