గాలి టెంటు తుఫానుకు ఆగుతుందా?



బండ మీద ఇల్లు కట్టినవాని గురించీ, ఇసుక మీద కట్టినవాని గురించీ ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు. ఉద్దానం తీరాన మన కాళ్ళ కింద ఉన్నది ఇసుకే. వైద్య శిబిరానికి టెంటు వేసినప్పుడల్లా ఆ మాట మాకు గుర్తొస్తుంది. "గాలి నింపితే నిలబడే టెంట్లు వచ్చాయట కదండీ, తుఫాను రోజు వాటిలో ఉండవచ్చా?" అని కొందరు అడుగుతున్నారు. అందుకే ఈ వ్యాసం.

ఈ టెంట్లకు ఇనుప రాటలు ఉండవు. లారీ ట్యూబు వంటి లావాటి గొట్టాలలో గాలి నింపితే అవే స్తంభాలవుతాయి. ఇనుప రాట వంగితే వంగినట్టే. గాలి గొట్టం మాత్రం ఈదురుగాలికి మడత పడినా, గాలి తగ్గాక మళ్ళీ లేస్తుంది. 2010లో హైతీ భూకంపం తర్వాత ఎం.ఎస్.ఎఫ్. వైద్యులు ఇలాంటి టెంట్లలోనే ఆపరేషన్లు చేశారు. 2013లో ఫిలిప్పీన్స్‌లో కూడా వాడారు. అయితే హైయాన్ తుఫాను వెళ్ళిపోయిన తర్వాతే.

గాలి బరువు ఎంత?

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 12 కిలోల బరువుతో నెడుతుంది. 100 కిలోమీటర్లయితే 48 కిలోలు, 150 అయితే 108 కిలోలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గాలి వేగం 140 నుండి 150 కిలోమీటర్లు. అంత గాలిలో 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తున్న టెంటు గోడ మీద దాదాపు ఒక టన్ను బరువు పడుతుంది. గొట్టం తట్టుకున్నా, ఇసుకలో దిగేసిన మేకు ఊడివస్తుంది.

చలి దేశాలలో టెంటు మీద మంచు పేరుకుంటుంది. అప్పుడే కురిసిన మంచు 10 సెంటీమీటర్లుంటే చదరపు మీటరుకు సుమారు 10 కిలోలు. మనకు మంచు లేదు గాని వాన ఉంది. కప్పు గుంటపడి 10 సెంటీమీటర్ల నీళ్ళు నిలిస్తే 100 కిలోలు!

గుర్తుంచుకోండి

1. టెంటు తుఫాను తర్వాత వైద్యం చేయడానికే. తుఫాను వేళ తలదాచుకోవడానికి కాదు. హెచ్చరిక రాగానే తుఫాను షెల్టరుకో, పక్కా భవనానికో వెళ్ళండి.

2. శిబిరం టెంటు తాళ్ళను ఇసుక నింపిన బస్తాలకు కట్టి, వాటిని లోతుగా పాతిపెట్టండి. ఉత్త మేకులను నమ్మకండి.

3. కప్పు మీద నీళ్ళు నిలవనివ్వకండి. గాలి పెరిగితే ముందు రోగులను బయటకు పంపి, తర్వాత టెంటు దించండి.

4. కొన్ని టెంట్లకు గాలి మోటారు నిరంతరం తిరగాలి. తుఫానుకు కరెంటు పోతుంది గనుక జనరేటరు సిద్ధంగా ఉంచండి.

5. డయాలసిస్ రోగులు చెట్లు కూలి దారులు మూసుకుపోయేదాకా ఆగకండి. ముందే మీ కేంద్రంలో మాట్లాడుకుని, పలాసలోనో టెక్కలిలోనో పక్కా ఇంట్లో ఉండండి. పడిన బొండాలు ఎన్ని ఉన్నా కొబ్బరినీళ్ళు తాగకండి. వాటిలోని పొటాషియం మీ గుండెకు ప్రమాదం.

తుఫానును ఆపడం మన చేతిలో లేదు. బండను ముందే వెతుక్కోవడం మన చేతిలో ఉంది. దేవుడు మిమ్మును కాపాడును గాక!