నాన్న వడ్డీ.. నా పాన్!

2024 జూన్. వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికిందని వట్లూరు వచ్చాను. రిటర్న్ వేద్దామని ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో 26ఏఎస్ తెరిస్తే నాకు ఖాతానే లేని బ్యాంకు ఒకటి కనిపించింది. వడ్డీ 70,000. టీడీఎస్ 7,000. ఎవరో నా పాన్ వాడేశారనుకుని గుండె ఆగినంత పనైంది.

బ్యాంకు పేరు చెప్పగానే నాన్న బీరువాలోంచి ఓ కవర్ తీశారు. డిపాజిట్ బాండు ఆయన పేరు మీదే ఉంది. దాంతోపాటు ఇచ్చిన ఫారం 16ఏ మీద మాత్రం నా పేరు!

అప్పుడు వెలిగింది. 2023 ఏప్రిల్‌లో, వ్యవసాయం చేసి దాచుకున్న 10 లక్షలు నాన్న ఫిక్స్‌డ్‌లో వేసినప్పుడు జిరాక్సులు తీసిచ్చింది నేనే. ఆయన పాన్ బదులు నాది వెళ్లింది. కౌంటర్లోనూ ఎవరూ పేరు చూడలేదు. 16ఏలో పేరు పాన్‌ని బట్టి వచ్చేస్తుంది కదా, అలా నా పేరు పడింది.

ఏలూరు వెళ్లి బ్యాంకులో అడిగితే, "ఒకే ఇంట్లోవాళ్లేగా, మీ రిటర్న్‌లోనే చూపించేసుకోండి" అన్నారు. నాన్నదీ అదే మాట. "నాదైతేనేం, నీదైతేనేంరా? ఏడు వేలకి ఎందుకీ తిరుగుడు?"

లెక్క వేసి చూపించాను. నాది 30 శాతం శ్లాబు. ఆ వడ్డీ నా ఆదాయమైతే సెస్‌తో కలిపి పన్ను 21,840. టీడీఎస్ పోను ఇంకా 14,840 కట్టాలి. అదే నాన్న లెక్కలో అయితే ఆయనకి పన్నే లేదు, ఆ 7,000 వెనక్కి వస్తాయి. పైగా వడ్డీ ఆయనది. నాదని రాస్తే అబద్ధం అవుతుంది. వదిలేస్తే రేపు నోటీసు నాకొస్తుంది.

ఏం చేశామంటే..

* నాన్న సంతకంతో బ్యాంకుకి లెటర్ ఇచ్చాం. బాండు, 16ఏ, ఇద్దరి పాన్ కాపీలూ జత చేశాం. రసీదు తీసుకున్నాం.
* బ్యాంకు ముందు తన రికార్డులో పాన్ మార్చాలి. తర్వాత టీడీఎస్ కరెక్షన్ స్టేట్‌మెంట్ వేయాలి. ఈ పని మనం చేయలేం. అది కూడా నాలుగు క్వార్టర్లకూ విడివిడిగా!
* నా ఏఐఎస్‌లో ఆ వడ్డీ మీద 'ఇది వేరే పాన్‌కి చెందినది' అని ఫీడ్‌బ్యాక్ పెట్టాను.
* జులై 31లోపు నా రిటర్న్ వేసేశాను. అందులో ఆ వడ్డీ చూపలేదు, ఆ టీడీఎస్ అడగలేదు.

బ్రాంచి చుట్టూ నాలుగుసార్లు తిరిగాక, అక్టోబరులో నాన్న 26ఏఎస్‌లో ఆ ఎంట్రీ పడింది. అప్పుడు ఆయన రిటర్న్ వేశాం. గడువు దాటినా, ఆదాయం పన్ను పరిమితిలోపే కాబట్టి లేట్ ఫీజు పడలేదు. డిసెంబరులో రీఫండ్ మెసేజ్ వచ్చింది.

నాన్న ఆ మెసేజ్ నాతో రెండుసార్లు చదివించుకున్నారు. "నా పేరు మీదే వచ్చిందిగా?" అని అడిగారు. అప్పటిదాకా ఏడు వేలకేనా ఇదంతా అన్న మనిషి!

ఇప్పుడు బీరువాలో రెండు కవర్లు. ఒకదాని మీద 'నాది', రెండోదాని మీద 'అబ్బాయిది' అని నాన్నే స్కెచ్ పెన్నుతో రాసుకున్నారు. మీ ఇంట్లో బాండ్లు కూడా ఓసారి తీసి చూడండి. పేరొక్కటే కాదు, పాన్ కూడా!