వెనుదిరుగు నీరు

నీరు పల్లమెరుగునను మాట మనకు ఉగ్గుపాలతో వచ్చినదే. కాని సముద్రపుటంచున సేద్యము చేయు మనకు ఆ సామెత ఒక్కటి చాలదు. పోటు వచ్చినపుడు సముద్రమే మిట్టయై, మన పొలమే పల్లమగును. కోడూరు, నాగాయలంక ప్రాంతములందలి మురుగుకాలువ గట్టుపై అమావాస్యనాడో పౌర్ణమినాడో నిలిచి చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. ఉదయము సముద్రమునకు పోవుచుండిన నీరు కొంతసేపు కదలక నిలిచి, పిమ్మట గుర్రపుడెక్కతో సహా ఊరివైపు నడచివచ్చును. ఉప్పునీరు మంచినీటికంటె బరువైనది గనుక అడుగునుండి చొరబడును; పైనీటిని దోసిట పట్టి రుచిచూచినవాడు మోసపోవును.

అందుచేతనే మురుగుకాలువలు సముద్రముతోగాని ఉప్పుటేళ్లతోగాని కలియుచోట్ల తూములు కట్టి, వానికి పైయంచున కీలుపై వ్రేలాడు తలుపులు బిగింతురు. లోపలి నీరు హెచ్చినపుడు తలుపు తనంతట తెరచుకొనును. వెలుపలి నీరు పెరిగినపుడు ఆ నీటి ఒత్తిడిచేతనే మూసికొనును. కావలివానితో పనిలేదు. కాని ఒక కొయ్యముక్క నడుమ ఇరికినను, త్రుప్పుపట్టి కీలు బిగిసిపోయినను పోటునకు అడ్డులేదు. 1864 నవంబరు 1వ తేదీని మచిలీపట్టణమును, 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనలు ఇట్టి తలుపులతో ఆగునవి కావు, అది వేరుమాట. ఇచట ప్రస్తావము దినదినము వచ్చు పోటును గూర్చియే.

పొలమున ఇంత ఎరిగియున్న మనము ఇంటికి వచ్చుసరికి అంతయు మరచుచున్నాము.

1855లో విజయవాడకడ ఆనకట్ట పూర్తియైన పిమ్మటను, దానికి బదులుగా 1957లో ప్రకాశం బారేజి వచ్చిన పిమ్మటను, ఈ దిగువ ప్రాంతమునకు ముఖ్యమైన త్రాగునీరు కాలువనీరే. అనేక గ్రామములలో భూగర్భజలము ఉప్పు. కాలువలు కట్టివేయు వేసవికై చెరువులు నింపి, ఆ నీటిని వడపోసి కుళాయిలకు వదలుచున్నారు. ఇంత శ్రమతో వచ్చిన నీరు కుళాయి మూతివద్ద చెడిపోవుట కంటె విచారకరమేమున్నది?

చెడిపోవు విధమిది. మన గొట్టములలో నీరు దినమంతయు ఉండదు. కొన్నిగంటలు వచ్చి ఆగును. ఆగినతోడనే పల్లపు వీధుల కుళాయిలగుండ మిగిలిన నీరు జారిపోవును. ఎవరైన గొట్టమునకే మోటారు తగిలించి తోడుచున్నచో చెప్పనే అక్కరలేదు. అప్పుడు గొట్టములో పీల్పు పుట్టును. వాయుమండలపు ఒత్తిడి సుమారు 34 అడుగుల ఎత్తు నీటిస్తంభమును నిలుపగలది. కుళాయికి తగిలించిన రబ్బరుగొట్టపు కొన ఏ తొట్టిలోనో మునిగియున్నచో, తొట్టిలోని ద్రవమును వీధి గొట్టములోనికి ఎక్కించుటకు ఆ బలము ధారాళముగ చాలును.

ఇది పుస్తకపు మాట కాదు. మా ఇంట కుడితితొట్టిలో గొట్టము పడవేసి, కుళాయి విప్పి, వేరుపనిమీద పోయితిని. నీరు ఆగిపోయినది. తిరిగి వచ్చి చూతును గదా, తొట్టిలో కుడితి నాలుగు వ్రేళ్లు తగ్గియున్నది, గొట్టము గురగురలాడుచున్నది. పశువులు కొట్టమున కట్టియే యున్నవి. మరునాటి ఉదయము మొదటి బిందె నీరు తవుడు కంపు కొట్టినది. ఆ నీరు మా ఇంటికే కాక ప్రక్కయింటికిని పోయియుండునని తలచిన నాకు సిగ్గు కలిగెను.

కుడితి గనుక కంపుతో పోయినది. అదే గొట్టము వరిచేనికి పురుగుమందు కలుపు డ్రమ్ములో మునిగియున్నచో? పిచికారికి తొందరపడు దినమున మనలో అనేకులు చేయునది అదియే. పట్టణములందును ఇట్టి అపాయము కలదు. ఆభరణములకు బంగారుపూత వేయు తొట్లలో సయనైడు కలిసిన ద్రావకములు వాడుట కలదు. అద్దకపు బానలు, రైసుమిల్లుల బాయిలర్లు సరేసరి. 1933లో అమెరికాలోని చికాగో నగరమున ప్రపంచ ప్రదర్శన జరుగుచుండగా, రెండు పెద్ద హోటళ్లలో లోపభూయిష్టములైన గొట్టములవలన మురుగు త్రాగునీట కలిసి, అమీబా విరేచనములు వ్యాపించి, సుమారు 1,400 మందికి జబ్బుచేసి 98 మంది మరణించిరి. అంతటి సంపన్న నగరములోనే ఇట్లు జరిగెను.

నివారణకు ధనము కంటె శ్రద్ధ ముఖ్యము. అన్నిటికంటె మేలైనది గాలిసందు. గొట్టపు మూతి నీటిమట్టమునకు కాదు, తొట్టి అంచునకే పైన ఉండవలెను. గొట్టపు వ్యాసమునకు రెండింతల ఎత్తు కనీసముగ విడుతురు. అది అంగుళమునకు తగ్గరాదు. జానెడు విడిచిన నష్టమేమి? గాలిని దాటి నీరు వెనుకకు పోజాలదు. దీనికి త్రుప్పులేదు, మరమ్మతు లేదు.

గాలిసందు విడువ వీలుకాని చోట నాన్ రిటర్న్ వాల్వు బిగింపవలెను. ఇది మన మురుగుతూము తలుపునకు చిన్నతమ్ముడు. దానిపైనున్న బాణపుగుర్తు నీరు పోవలసిన దిక్కును చూపవలెను. తలక్రిందుగా బిగించి, నీరు రాలేదని వాల్వును తిట్టినవారు కలరు. ఇసుకరేణువుగాని నత్తగుల్లగాని చిక్కిన మూతపడదు. కావున విషద్రవ్యములున్నచోట దీనినొక్కదానినే నమ్మరాదు.

మోటారు విషయమొకటి. కాలువనుండి చేపలచెరువునకు నీరు తోడునపుడు గొట్టపు కొనను చెరువునీట ముంచియుంచిన, మోటారు ఆగినపిమ్మట చెరువునీరు కాలువలోనికి దిగివచ్చును. ఆ కాలువనీటినే దిగువ గ్రామము త్రాగును. దినదినము మోటారునకు నీరుపోసి ఎక్కింపవలసి వచ్చుచున్నదనిన, ఫుట్ వాల్వు కారుచున్నదని తెలిసికొనవలెను. బోరునీటిలో ఎరువు కలిపి బిందుసేద్యము చేయువారు ఎరువుతొట్టికిని బోరునకును నడుమ వాల్వు లేకుండ మోటారు వేయరాదు. కరెంటు మనలనడిగి పోదు గదా.

మా కుడితితొట్టి గొట్టము ఇప్పుడు అంచునకు జానెడు పైన రాటకు కట్టబడి యున్నది. నీరు పడునపుడు కొంత చిందును. ఆ తడిలో తోటకూర మొలచినది.