ది స్టెయిన్‌లెస్ స్టీల్ ర్యాట్

ది స్టెయిన్‌లెస్ స్టీల్ ర్యాట్ అమెరికా రచయిత హ్యారీ హ్యారిసన్ (1925 - 2012) ఇంగ్లీషులో రచించిన సైన్సు ఫిక్షను నవల. ఇది 1961లో వెలువడినది. ఇదే పేరుతో 1957లోనూ, ది మిస్‌ప్లేస్డ్ బ్యాటిల్‌షిప్ అనే పేరుతో 1960లోనూ అస్టౌండింగ్ పత్రికలో వచ్చిన రెండు కథలను కలిపి, పెంచి హ్యారిసన్ దీనిని నవలగా మలిచాడు. తరువాత ఇదే కథానాయకునితో మరి కొన్ని నవలలు వెలువడ్డాయి. దొంగ కథానాయకుడు, గ్రహాంతర సాహసాలు, సరస సంభాషణలు కలిసిన సైన్సు ఫిక్షనుకు ఇది మంచి ఉదాహరణ.

పేరు

ఈ పేరుకు తుప్పు పట్టని ఉక్కు ఎలుక అని అర్థం. పాతకాలపు కర్ర ఇళ్ళలో సందులు ఎక్కువ, ఎలుకలూ ఎక్కువ. కాంక్రీటు భవనాలలో సందులు తక్కువ కనుక ఎలుకలు తగ్గిపోతాయి, మిగిలినవి మాత్రం గట్టి పిండాలు. భవిష్యత్తులో సమాజమంతా ఉక్కుతోను, కాంక్రీటుతోను కట్టిన భవనం వంటిదే. అందులో నేరస్థులు దాదాపు లేరు. అటువంటి చోట బ్రతకగలిగిన ఎలుక కూడా ఉక్కుదే అయి ఉండాలని కథానాయకుడు తనను తాను సమర్థించుకుంటాడు. ఇది దొంగ చెప్పుకునే సాకు మాత్రమే కాదు. అందరూ బుద్ధిగా, ఒకేలా బ్రతికే లోకంలో కొంటెతనానికి చోటు ఉండాలా అన్న ప్రశ్న నవల పొడుగునా నవ్వుల వెనుక వినిపిస్తూనే ఉంటుంది.

కథ

కథానాయకుడు జేమ్స్ బొలివర్ డిగ్రిజ్. స్లిప్పరీ జిమ్, అనగా చేతికి చిక్కక జారిపోయే జిమ్, అని అతని మారుపేరు. నవల ప్రారంభంలో అతనిని నిర్బంధించడానికి ఒక పోలీసు రోబోటు వస్తుంది. జిమ్ ముందే అమర్చి ఉంచిన మూడు టన్నుల ఇనుప పెట్టె పైనుండి దాని మీద పడుతుంది. నుజ్జయిన రోబోటు ఆగకుండా నేరాల జాబితా చదువుతూ, పోలీసు రోబోటుపై దాడి అనే నేరాన్ని కూడా అందులో చేర్చుకుంటుంది. నవల ధోరణి ఏమిటో ఈ ఒక్క సన్నివేశంతోనే పాఠకునికి తెలిసిపోతుంది.

తరువాతి దోపిడీలో జిమ్ పట్టుబడతాడు. పట్టుకున్నది స్పెషల్ కోర్ అనే రహస్య సంస్థ. దాని అధిపతి ఇన్‌స్కిప్ ఒకప్పుడు ఎవరికీ దొరకని దొంగగా పేరు పడ్డవాడే. దొంగను పట్టడానికి దొంగే కావాలన్న సూత్రం మీద ఈ సంస్థ నడుస్తుంది. ఇష్టం ఉన్నా లేకున్నా జిమ్ అందులో చేరుతాడు. పాత దస్త్రాలు తిరగవేస్తుండగా ఒక గ్రహంలో సరుకుల ఓడ పేరిట భారీ యుద్ధనౌక నిర్మాణమవుతున్నదని కనుగొంటాడు. దాని వెనుక ఉన్నది ఏంజెలీనా అనే యువతి.

ఏంజెలీనా

నవలలో అత్యంత ఆసక్తికరమైన పాత్ర ఈమెదే. జిమ్ దొంగే కాని ప్రాణాలు తీయడు, అది అతని నియమం. ఏంజెలీనాకు అటువంటి పట్టింపు లేదు. తెలివిలో అతనికి ఏ మాత్రం తీసిపోదు. ఆమెను వెంబడిస్తూనే అతను ఆమెపై మనసు పారేసుకుంటాడు. చివరకు తన సంస్థను కూడా వదలి, ముఖం మార్చుకొని, ఫ్రైబూర్ అనే జమీందారీ వ్యవస్థ ఉన్న గ్రహానికి చేరుకుంటాడు. అక్కడ ఆమె ఒక ప్రభువు అండతో తిరుగుబాటుకు పన్నాగం పన్నుతూ ఉంటుంది. ఇద్దరి మధ్య మాటల్లో ప్రేమ, చేతుల్లో తుపాకీ. ఏది ఎప్పుడు పేలుతుందో ఊహించడం కష్టం.

ఏంజెలీనా పుట్టుకతో కురూపి. శస్త్రచికిత్సలతో అందం కొనుక్కోవడానికే ఆమె నేరాల బాట పట్టినదని తరువాత తెలుస్తుంది. పట్టుబడిన తరువాత స్పెషల్ కోర్ మానసిక వైద్యులు ఆమెలోని హంతక ప్రవృత్తిని తొలగిస్తారు. రచయిత దీనిని సుఖాంతంగానే చూపాడు. కాని స్వేచ్ఛను ఇంతగా కీర్తించిన కథలో ఒకరి మనస్సును ప్రభుత్వమే సరిదిద్దడం నేటి పాఠకునికి కొంత ఇబ్బంది కలిగించే విషయం. అదృష్టవశాత్తు చికిత్స తరువాత కూడా ఆమె పదును తగ్గదు. 1970 నాటి రెండవ నవలలో వారికి వివాహం జరిగి, జేమ్స్, బొలివర్ అనే కవలలు పుడతారు. భార్యాభర్తల వాదులాట అప్పటి నుండి ఈ నవలలకు ప్రాణంగా నిలిచింది. 1972 నాటి మూడవ నవలలో శత్రువులు గతాన్ని మార్చివేయడంతో ఏంజెలీనా కళ్ళ ముందే మాయమవుతుంది. ఆమెను తిరిగి దక్కించుకోవడానికి జిమ్ కాలంలో వెనుకకు, 1975 నాటి భూమికి ప్రయాణిస్తాడు.

దొంగను కథానాయకునిగా నిలపడం భారతీయ సాహిత్యానికి కొత్త కాదు. దండి దశకుమారచరితంలోని అపహారవర్మ పిసినారుల సొమ్మును దోచినవాడు. శూద్రకుని మృచ్ఛకటికంలో శర్విలకుడు కళాత్మకంగా గోడకు కన్నం వేసి నగలు దొంగిలించేది ప్రియురాలు మదనికను దాస్యం నుండి విడిపించడానికే. జిమ్ వీరిని ఎరుగడు, కాని ఎదురైతే బాగా కలిసిపోయేవాడు.

రచయిత నేపథ్యం

హ్యారిసన్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యపు వైమానిక దళంలో పనిచేశాడు. ఆ అనుభవం అతనికి సైనిక వ్యవస్థ పట్ల జీవితాంతం విముఖత మిగిల్చినది. జిమ్ హత్యలకు దూరంగా ఉండడం, సేనాపతులంటే వెక్కిరింత దీని ఫలితమే అనుకోవచ్చు. 1987 నాటి నవలలో జిమ్‌ను బలవంతంగా సైన్యంలో చేర్చడం ఈ వెక్కిరింతకు పరాకాష్ఠ. హ్యారిసన్ ఎస్పెరాంటో భాషాభిమాని. అందువలన ఈ కథల్లో గ్రహాలన్నిటికీ ఉమ్మడి భాష అదే.

1982 నాటి నవలలో జిమ్ ఒక నియంతను గద్దె దింపడానికి ఎన్నికలలో పోటీ చేసి, ప్రత్యర్థి కంటే ఘనంగా రిగ్గింగు చేసి గెలుస్తాడు. 1985లో వచ్చిన నవల అతని బాల్యాన్ని చెబుతుంది. కథాక్రమంలో అది మొదటిదైనా, కొత్తవారు 1961 నాటి నవలతో ప్రారంభించడమే మేలు, ఇనుప పెట్టె సన్నివేశం అందులోనే ఉన్నది.

బ్రిటన్‌లోని 2000 ఏడీ పత్రిక 1979 నుండి వీటిలో మూడు నవలలను బొమ్మల కథలుగా ప్రచురించినది. వీటికి కార్లోస్ ఎజ్క్వెర్రా బొమ్మలు గీశాడు. అమెరికా సైన్సు ఫిక్షను రచయితల సంఘం 2009లో హ్యారిసన్‌ను గ్రాండ్ మాస్టర్ బిరుదుతో సత్కరించినది. జిమ్ కథలలో చివరి నవల 2010లో వెలువడినది.